ఎర్ర మూత, నల్ల మూత (పదకొండో భాగం)

పోయిన వారం మనం ఈ పిల్లను ఇంటర్వ్యూ గది బయట బెంచీ మీద కూర్చోబెట్టి వచ్చేశాం. పాపం, ఇంకా అక్కడే ఉంది. ఒళ్ళో ఫైలు, ఫైలు మీద రెండు చేతులు, చేతుల నిండా చెమట. లోపలికి వెళ్ళినవాళ్ళు పది నిమిషాలకొకరు బయటికొచ్చి, మొహం తుడుచుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోతున్నారు.

కొత్తగా చేరిన పాఠకుల కోసం నాలుగు ముక్కలు చెప్పుకుని ముందుకు పోదాం. ఈ పిల్ల వేరే ఊళ్ళో ఒక పెద్ద విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీకి చేరింది. సరస్సు అడుగున పేరుకున్న బురదలో పాతకాలపు పుప్పొడి గింజల్ని లెక్కపెట్టి, ఒడ్డున ఎప్పుడు ఏ మొక్కలు పెరిగేవో చెప్పడం అక్కడి పని. మూడేళ్ళు పనిచేసి, ఒకరోజు పొద్దున బల్ల సొరుగు ఖాళీ చేసి, తాళంచెవి గుమాస్తా చేతిలో పెట్టి ఇంటికొచ్చేసింది. ఎందుకొచ్చావే అంటే చెప్పలేదు. ఏడాదిన్నర ట్యూషన్లు చెప్పుకుంది. ఇప్పుడు మళ్ళీ ధైర్యం కూడగట్టుకుని ఇక్కడికి దరఖాస్తు పెట్టింది. ఉన్నది ఒక్కటే సీటు.

ఆ పాత ల్యాబ్‌లో ఈమెను ‘పిట్ట’ అనేవాళ్ళు. ఆ పేరు పెట్టింది ఒక సీనియరు. పిట్ట ఆవిడను ‘అక్కా’ అని పిలిచేది. ఏడేళ్ళ చదువు చేతికందే ముందు ఆ అక్క తలవంచుకుని వెళ్ళిపోయింది. ల్యాబ్‌లోంచైతే వెళ్ళిపోయింది గానీ పిట్టను మాత్రం వదల్లేదు. ఎడమ చెప్పు కాస్త ఈడ్చి నడవడం ఆవిడ అలవాటు. ఆ చప్పుడు పిట్టకు ట్యూషన్ గదిలో వినబడేది, బస్టాండులో వినబడేది, ఇంట్లో ఫ్రిజ్ తలుపు తీసి చల్లగాలి మొహానికి తగిలినప్పుడు మరీ దగ్గరగా వినబడేది.

ఇదిగో, ఇప్పుడూ వినబడింది. వరండా చివరి నుంచి చెప్పు ఈడ్చుకుంటూ ఎవరో వస్తున్నారు. పిట్ట తల ఎత్తలేదు. ఎత్తితే ఎవరూ ఉండరని తెలుసు, ఉంటే ఏం చెయ్యాలో తెలీదు. చప్పుడు వచ్చి సరిగ్గా ఆమె ముందు ఆగింది.

“మిమ్మల్నేనమ్మా, ఎన్నిసార్లు పిలవాలి? లోపలికి రమ్మంటున్నారు,” అన్నాడు అటెండరు. పాపం ఆయనకు మోకాలి నొప్పి.

లేచింది. చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. వాళ్ళ నాన్న దర్జీ. పొద్దున్నే లేచి ఈ చీర తనే ఇస్త్రీ చేసి, మడత విప్పి చేతికిస్తూ, “ఈసారి మధ్యలో లేచి రాకు తల్లీ,” అన్నాడు. భోజనం దగ్గర అన్నట్టు అన్నాడు. ఆయన ఇన్నాళ్ళలో ఆ విషయం ఎత్తింది అదొక్కసారే.

గదిలో పొడవాటి బల్ల, దాని వెనక మూడు కుర్చీలు. ఒకటి ఖాళీ. మధ్య కుర్చీలో మేడమ్. కళ్ళజోడుకు గొలుసు కట్టుకుని, మెడలో వేలాడేసుకున్న మనిషి. ఈ విభాగానికి పెద్ద ఆవిడే. ల్యాబూ ఆవిడదే, ఆ ఒక్క సీటూ ఆవిడదే. పక్కన ఒక మేష్టారు, పొట్ట మీద చేతులు పెట్టుకుని, టీ ఎప్పుడొస్తుందా అని తలుపువైపే చూస్తున్నాడు. గోడల పొడుగునా ఇనప బీరువాలు. ఎక్కడో పక్కగదిలో చల్లబరిచే యంత్రం ఒకటి ఆగకుండా మూలుగుతోంది. ఆ మూలుగు పిట్టకు బాగా తెలుసు. సరస్సు బురదను నిలువుగా తీసిన గొట్టాలు దాచే కోల్డ్ రూమ్ ఏ ఊళ్ళో ఉన్నా అలాగే మూలుగుతుంది.

“కూర్చోండి,” అంది మేడమ్. కాగితాలు తిప్పింది. “మీ పాత గైడ్ ఉత్తరం చూశాను. బంగారం అని రాశారు మిమ్మల్ని. ఆయనతో కలిసి ఒక పేపరు కూడా వేశారు. ఆ పేపరు మా పిల్లలకి పాఠంలో చెబుతున్నాం. మరి అంత మంచి గైడ్‌ని, అంత మంచి పనిని వదిలేసి ఎందుకొచ్చారు?”

ఈ ప్రశ్న వస్తుందని పిట్టకు తెలుసు. అద్దం ముందు నిలబడి జవాబు బట్టీపట్టింది కూడా. “నా ఆసక్తి కొంచెం మారిందండీ. మీ ల్యాబ్‌లో జరిగే పని చూశాక...”

“అలాగా,” అంది మేడమ్. నమ్మలేదని ఆ ఒక్క మాటలోనే తెలిసిపోయింది.

మేష్టారు ఆవులించాడు. మేడమ్ బల్ల కింద నుంచి మూరెడు పొడవున్న ప్లాస్టిక్ గొట్టం ఒకటి తీసి పిట్ట ముందు పెట్టింది. లోపల గడ్డకట్టించిన నల్లటి బురద. ఒక చివర ఎర్ర మూత, రెండో చివర నల్ల మూత. గొట్టానికి బయట చల్లదనం పొగలా లేస్తోంది.

“భయపడకండి, అందరికీ ఇదే పరీక్ష. సరస్సు అడుగునుంచి తీసిన గొట్టం. పై చివర ఏది, కింది చివర ఏది?”

దీనికి పరీక్ష దేనికి! ఈ పని చేసేవాళ్ళందరికీ వారం రోజుల్లో ఒంటబట్టే సంగతి అది. ఎర్ర మూత పైకి, నల్ల మూత కిందకి. పైన ఉన్నది నిన్నమొన్నటి బురద, కింద ఉన్నది వేల ఏళ్ళనాటిది.

పిట్ట చెయ్యి చాచింది. గొట్టాన్ని తాకకుండానే వెనక్కి తీసుకుంది.

“చెప్పలేనండి.”

“ఏమిటి?”

“మూత చూసి చెప్పలేనండి. గడ్డకట్టిన బురదకి రెండు చివరలూ ఒక్కలాగే ఉంటాయి. దీన్ని నీళ్ళలోంచి తీసిందెవరో, మూత పెట్టిందెవరో, తర్వాత ఇంకెవరైనా మార్చారో లేదో తెలీకుండా నేను చెప్పలేను.”

మేడమ్ మెడలోని కళ్ళజోడు తీసి పెట్టుకుంది. “పొద్దున్నుంచి తొమ్మిదిమంది వచ్చారు. తొమ్మిదిమందీ మూత చూసి ఠక్కున చెప్పారు. నువ్వొక్కదానివే మూతని నమ్మడం లేదు. ఏం జరిగిందమ్మాయ్ అక్కడ?”

‘మీరు’ కాస్తా ‘నువ్వు’ అయింది. ఆ నువ్వులో కోపం లేదు. అదే కొంప ముంచింది. కసిరి ఉంటే పిట్ట బట్టీపట్టిన జవాబే మళ్ళీ అప్పజెప్పి బయటపడేది. ఎవరూ ఇంత మెత్తగా అడిగి చాలాకాలమైంది. గ్లాసులో నీళ్ళు సగం తాగి, మిగతా సగం చీర మీద పోసుకుంది.

“నేను చేరిన మొదటి వారమండీ,” అంది. “మా దగ్గర అయిదు గొట్టాలుండేవి. మా అక్క... అంటే మా సీనియరు, పడవలో వెళ్ళి ఒకే రోజున సరస్సులో అయిదు చోట్ల తీసుకొచ్చింది. చలికి వాటి మూతలు పగిలిపోయాయి. కొత్తవి పెట్టమని నాకు చెప్పింది. ‘ఒక గొట్టం తీసుకో, దాని మూతలు మార్చు, పక్కన పెట్టు, అప్పుడు రెండోది ముట్టుకో’ అని రెండుసార్లు చెప్పింది.”

“మా ల్యాబ్‌లోనూ అదే పద్ధతి.”

“నేను త్వరగా చేసి శభాష్ అనిపించుకుందామనుకున్నానండీ. అయిదింటినీ బల్ల మీద వరసగా పేర్చి, పది మూతలూ ఒకేసారి ఊడదీశాను. కొత్త మూతలు అల్మరాలో ఉంటే వెళ్ళి తెచ్చాను. తెచ్చి, బల్లకి అటువైపు నిలబడ్డాను.”

మేడమ్ కళ్ళు మూసుకుంది. ఇక చెప్పనక్కర్లేదన్నట్టు తల ఊపింది. కానీ పిట్టకు ఆగాలని లేదు. నాలుగున్నరేళ్ళుగా నోట్లోనే నానుతున్న మాటలు అవి.

“తీసింది ఇటువైపు నుంచి, పెట్టింది అటువైపు నుంచి. ఎడమ చేతివైపు ఎర్రవి అని గుర్తుపెట్టుకున్నాను. ఎడమ మారిపోయిందని తట్టలేదు. వారం తర్వాత చూస్తే ప్రతి గొట్టం మీదా పెన్సిల్‌తో గోరంత బాణం గుర్తు కనబడింది. అక్క వేసుకున్నది, పైచివర ఎటో తెలియడానికి. అయిదు బాణాలూ నల్ల మూతలవైపే చూపిస్తున్నాయి. అప్పటికి అక్క ఎర్ర మూతవైపు నుంచి ముక్కలు కోసి నంబర్లు వేసేసింది.”

“చెప్పలేదా?”

“తడిగుడ్డతో బాణాలు తుడిచేశానండీ.”

మేష్టారు తలుపువైపు చూడడం మానేశాడు. పిట్టకు తన మాట తనకే వినబడింది. ఇన్నేళ్ళుగా తలచుకున్నదే అయినా, పైకి అన్నది ఇదే మొదలు.

“రెండేళ్ళు అక్క ఆ మైక్రోస్కోప్ మీద కళ్ళు కాయలు కాచేలా లెక్కపెట్టింది. లెక్క తేలాక చూస్తే, కింద అంతా గడ్డి పుప్పొడి, పైన అంతా చెట్ల పుప్పొడి వచ్చింది. అంటే మొదట అక్కడ గడ్డినేల ఉండేది, అడవి తర్వాత పెరిగింది అని. మా గైడ్ పెద్దసారు పాతికేళ్ళుగా దానికి ఎదురు చెబుతున్నారు, మొదట అడవే ఉండేదని. అందరి ముందూ అక్కని నిలబెట్టి, ‘గొట్టాలు తలకిందులయ్యాయి, ఎక్కడయ్యాయో కనుక్కుని చెప్పు’ అన్నారు.”

“మట్టి వయసు కట్టే పరీక్షకి పంపించాల్సింది.”

“మిగిలిన మట్టి చాలదన్నారండీ. అక్క రెండు రోజులు గడువు అడిగింది. ఆ రెండు రోజులూ నేను ఆవిడ పక్క బల్ల దగ్గరే కూర్చున్నాను. ‘ఏమే పిట్టా, తిండి తినడం లేదు, ఒంట్లో బాగాలేదా’ అని నన్నే అడిగింది. మూడో రోజు లేచి నిలబడి, ‘తప్పు నాదే సార్, పడవలోనే తిరగేసి మూతలు పెట్టాను’ అంది. నేను చేసిన పనిని తన మీద వేసుకుంటోందని అర్థమైంది. నోరు తెరుద్దామనుకున్నాను. అంతలో సారు, ‘ఎర్రరంగేదో నల్లరంగేదో తెలుసుకోడానికి నీకు ఏడేళ్ళు పట్టిందా’ అన్నారు. అందరూ నవ్వారు. నేను... నేనూ నవ్వానండీ.”

ఏడుపు ఆపుకోలేకపోయింది. ఆపుకోవాలని కూడా అనిపించలేదు. మేష్టారు జేబురుమాలు తీసి ఇవ్వబోయి, అది శుభ్రంగా లేదని గమనించి మళ్ళీ జేబులో కుక్కుకున్నాడు.

“ఆ వారమే అక్క వెళ్ళిపోయింది. సారు అంకెలన్నీ తలకిందులుగా తిరగరాసి పేపరు వేశారు. అక్క పేరుండాల్సిన చోట నా పేరు పెట్టారు. మీరు పాఠంలో చెప్పే పేపరు అదే. ఆ తర్వాత ఆ కోల్డ్ రూమ్‌లోకి అడుగు పెడితే చాలు, వెనక అక్క నిలబడ్డట్టే ఉండేది. ఏమీ అనదు, ఊరికే చూస్తుంటుంది. ఏడాది ఓర్చుకున్నాను. ఇక ఉండలేక వచ్చేశాను. ఆసక్తీ లేదు, పాడూ లేదు. ఇదండీ కారణం.”

మేడమ్ లేచింది. గోడవైపు వెళ్ళి, తాళాలగుత్తి వెతికి, మూడో బీరువా తెరిచింది. పోయిన సంవత్సరం దరఖాస్తుల కట్ట విప్పి, అందులోంచి ఒక ఫైలు లాగింది. దానితో తిరిగొచ్చి కూర్చుంది గానీ వెంటనే విప్పలేదు.

“మీ అక్క ఎడమ చెప్పు ఈడ్చి నడుస్తుందా?”

పిట్ట చటుక్కున తలుపువైపు చూసింది. “మీకెలా...”

“పోయినేడు ఇదే గదికి వచ్చింది. నువ్వు కూర్చున్న కుర్చీలోనే కూర్చుంది. ఎందుకు వదిలేశావని నేనే అడిగాను. నిజం చెప్పింది, రుజువు కూడా తెచ్చింది.” మేడమ్ ఫైలు విప్పి ఒక ఫోటో పిట్ట ముందు పెట్టింది.

సరస్సు, పడవ, పడవలో అక్క. గాలికి జుట్టంతా మొహం మీద పడి, అందులోంచి నవ్వుతోంది. పిట్ట ఇన్నేళ్ళుగా వెనక నిలబడ్డ అక్కనే చూసింది, నవ్వే అక్కను మర్చిపోయింది. ఫోటోలో అక్క ఒక గొట్టాన్ని తాడుతో అప్పుడే నీళ్ళలోంచి పైకి లాగి పట్టుకుంది. తాడు కట్టిన చివర పైన ఉంది. కింది చివర నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఆ కింది చివరకు మూత బిగించి ఉంది.

ఆ మూత ఎర్రది.

“పడవవాడు తీసిన ఫోటో అట,” అంది మేడమ్. “ఆ రోజు గాలి ఎక్కువై, ఎప్పుడూ కూర్చునే చోట కాకుండా పడవకి రెండో చివర కూర్చుందట. ఎర్ర మూతల సంచీ, నల్ల మూతల సంచీ మాత్రం ఉన్నచోటే ఉండి, ఆమెకి కుడి ఎడమలు మారిపోయాయి. చేతులు అలవాటు ప్రకారం పోయాయి. అయిదింటికీ అంతే. సాయంత్రం ఒడ్డుకొచ్చాక మూతలు చూసే బాణాలు వేసుకుంది. అందుకని బాణాలూ తప్పే. నీ తప్పుని నెత్తిన వేసుకోలేదు ఆమె. నీ తప్పు ఉందనే ఆమెకి తెలీదు. తను చేసిందే చెప్పింది.”

పిట్టకు మొదట వచ్చింది సంతోషం. సిగ్గు లేకుండా చెప్పాలంటే అదే. అమ్మయ్య, నా వల్ల కాదు. అక్క చేసిన తప్పుకే అక్క వెళ్ళింది. నాలుగున్నరేళ్ళ బరువు ఒక్క నిమిషం దిగింది. ఆ నిమిషమంతా మేడమ్ ఆమె మొహంలోకి చూస్తూనే ఉంది.

“ఆలోచించమ్మాయ్,” అంది. బల్ల మీది గొట్టాన్ని చేతిలోకి తీసుకుని నిలువుగా పట్టుకుంది. “ఇది సరస్సులో ఉన్న తీరు. మీ అక్క పడవలో తిరగేసింది.” గొట్టాన్ని తలకిందులు చేసింది. “ఇప్పుడు ల్యాబ్‌కొచ్చింది. నువ్వొచ్చి బల్లకి అటువైపు నిలబడ్డావు.” మళ్ళీ తిప్పింది. “ఎటొచ్చింది?”

“మొదట్లో...” పిట్ట ఎర్ర మూతవైపు చూసింది. “మొదట్లో ఉన్నట్టే.”

“అంటే!” మేష్టారు కుర్చీలో ముందుకు జరిగాడు. “ఆ అమ్మాయి లెక్కపెట్టేటప్పటికి గొట్టాలు సరిగ్గానే ఉన్నాయన్నమాట! లెక్కా సరిగ్గానే వచ్చిందన్నమాట! తర్వాత మీ సారు తిరగేశాడే, అదీ తప్పు. మనం ఏడాదిగా పిల్లలకి చెబుతున్న పాఠం తలకిందులు!”

“ఒకరి తప్పు ఒకరికి తెలీలేదు,” అంది మేడమ్. “ఇద్దరూ ఒక్కసారి కూర్చుని మాట్లాడుకుని ఉంటే ఆ రోజే తేలిపోయేది.”

పక్కగదిలో యంత్రం మూలుగుతూనే ఉంది. పిట్టకు ఆ రెండు రోజులు గుర్తొచ్చాయి. పక్కపక్క బల్లలు, మధ్యలో మూరెడు దూరం. తిండి తినడం లేదేమని అక్క అడిగింది. అప్పుడు నోరు విప్పి ఒక్క మాట, ‘మూతలు నేను మార్చానక్కా’ అని ఉంటే చాలు. అక్క కూడా గొట్టాన్ని రెండుసార్లు ఇలాగే తిప్పి చూసుకుని, పెద్దగా నవ్వి, నెత్తిన ఒక మొట్టికాయ వేసి ఉండేది. ఇవాళ డాక్టరమ్మ అయి ఉండేది. దిగిందనుకున్న బరువు రెండింతలై వచ్చి గుండెల మీద కూర్చుంది. చేసిన తప్పు అక్కను ఏమీ చెయ్యలేదు. చెప్పకపోవడమే చేసింది.

“మరి మీరు అక్కని చేర్చుకున్నారా?” ఆశగా అడిగింది.

మేడమ్ జవాబుకు బదులు ఫైలు చివరి కాగితం తిప్పి చూపించింది. ఎర్ర సిరాతో ఒక వాక్యం ఉంది. ‘తన గొట్టాల తలా తోకా తెలుసుకోవడానికి ఏడేళ్ళు పట్టిన అభ్యర్థి. తీసుకోలేము.’ కింద మేడమ్ సంతకం.

“మీ సారుని అనడానికి నాకేం హక్కుంది?” అంది మేడమ్. “నిజం చెప్పినందుకే పంపించేశాను.”

తెల్లకాగితం ఒకటి, పెన్ను ఒకటి పిట్టవైపు జరిపింది. “ఇప్పుడు విను. నీకు అబద్ధం చెప్పను. నువ్విది రాసిస్తే నేను ఆ పేపరు అచ్చేసిన పత్రికవాళ్ళకి పంపుతాను. మీ సారుకి సాయంత్రంలోగా తెలుస్తుంది. ఆయన నీ గురించి రాసిన ఉత్తరం వెనక్కి తీసుకుంటాడు. పాత గైడ్ ఉత్తరం లేకుండా మధ్యలో వదిలేసినవాళ్ళని తీసుకోకూడదని ఇక్కడ నియమం. నీకున్న ఒక్క పేపరూ పోతుంది. ఎంపిక జాబితా అయిదింటికి పెడతారు. అందులో నీ పేరుంటుందని నేను మాట ఇవ్వలేను.”

“రాయకపోతే?”

“పొద్దున్నుంచి వచ్చినవాళ్ళలో మూతని నమ్మనిదానివి నువ్వొక్కదానివే. సీటు నీకే.”

మేష్టారు గొంతు సవరించుకున్నాడు. మంచిమనిషి, మంచికే చెప్పాడు. “తొందరేముందమ్మా? నాలుగేళ్ళు ఆగింది, నాలుగు నెలలు ఆగలేదా? ముందు చేరు. కాస్త కుదురుకున్నాక, మెల్లగా, ఎవరికీ నొప్పి తగలకుండా చెప్పొచ్చు.”

ఎంత తియ్యగా ఉందో ఆ మాట! పిట్ట నిజంగానే ఆలోచించింది, మనం ఆమెను దేవతను చెయ్యనక్కర్లేదు. ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి చీర చేతికిచ్చిన నాన్న గుర్తొచ్చాడు. మళ్ళీ ట్యూషన్ గది, మళ్ళీ పిన్నమ్మ పరామర్శలు, ‘పెద్ద చదువు సగం చదివిందిలే’ అని నవ్వులు. మెల్లగా చెప్పొచ్చు. నిజమే. కానీ ఆ రోజు బాణాలు తుడుస్తూ కూడా సరిగ్గా ఇదే అనుకుంది, తర్వాత మెల్లగా చెప్పొచ్చని.

పెన్ను మూత తీసింది.

పదకొండు వాక్యాలు రాసింది. బల్లకు ఏ వైపు నిలబడిందో రాసింది, తడిగుడ్డ సంగతి రాసింది, నవ్విన సంగతి కూడా రాసింది. ఆఖరి వాక్యం, ‘నా సీనియరు లెక్క మొదటి నుంచీ సరైనదే’ అని రాసి, కింద అసలు పేరుతో సంతకం పెట్టింది. ఇన్నాళ్ళూ అక్క కనబడుతుందేమోనని భయపడ్డ పిల్లకు, ఇప్పుడే ఈ నిమిషమే అక్కను చూడాలనిపించింది. కాళ్ళు పట్టుకుని ఏడవాలనిపించింది. తిట్టించుకోవాలనిపించింది.

“ఫోన్ నంబరు ఉంటుందాండీ అందులో?”

మేడమ్ అప్పటికే ఫైలు మొదటి పేజీ తిప్పి అంకెలు నొక్కుతోంది. మోగడం మొదలవగానే ఫోన్ పిట్ట చేతిలో పెట్టింది. “నువ్వే చెప్పాలి. నేను క్షమాపణ చెప్పుకోవాల్సింది తర్వాత చెప్పుకుంటాను.”

ఒకసారి మోగింది. రెండుసార్లు మోగింది. పిట్ట లోపల్లోపలే మాటలు కూర్చుకుంటోంది. ముందు ఏమనాలి? క్షమించమనా? బాగున్నావా అనా? అయిదోసారి మోగుతుండగా అవతల ఎత్తారు. కూర్చుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి.

“అక్కా! నేను పిట్టని! నీ లెక్క తప్పు కాదక్కా, సరిగ్గానే ఉంది! మొదటి నుంచీ సరిగ్గానే ఉంది!”

అవతల గాలి చప్పుడు. దూరంగా ఎవరో మనుషుల అరుపులు. తర్వాత మగ గొంతు.

“ఎవరమ్మా మాట్లాడేది?”

“అక్క... ఈ ఫోన్ ఎవరిదో ఆవిడ... మీరెవరండీ?”

“నేను పడవవాణ్ణమ్మా. ఇది పడవలో మోగుతుంటే తీశాను.” ఆయన రొప్పుతున్నాడు. “వారం రోజులుగా వస్తున్నారమ్మా ఆవిడ. మట్టి మళ్ళీ తియ్యాలి, ఈసారి తప్పు పోకూడదు అంటూ. ఇవాళ పొద్దున నన్ను కూడా వద్దని ఒక్కరే పడవేసుకుని వెళ్ళారు. ఇందాక పడవ ఒక్కటే కొట్టుకుంటూ ఒడ్డుకొచ్చింది. అయిదు గొట్టాలున్నాయి, ఫోనుంది, చెప్పులున్నాయి. మనిషి లేదమ్మా. మావాళ్ళు నలుగురు నీళ్ళలో దిగి వెతుకుతున్నారు.”

మేడమ్ “ఏమైంది?” అంటోంది. మేష్టారు లేచి నిలబడ్డాడు. పిట్టకు ఇద్దరూ ఎక్కడో దూరంగా ఉన్నట్టు ఉంది.

“ఇంట్లోవాళ్ళకి కబురు చెయ్యాలమ్మా,” అన్నాడు పడవవాడు. “మీరు ఆవిడకి ఏమవుతారు?”